పడమటి కమాను

"తాళం తీస్తారా, పగలగొట్టమంటారా?"

తిమోతి అరిచి అడగలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. సమాధుల దొడ్డి గేటు ముందు రెండు బడి బెంచీలు దగ్గరకు జరిపి, వాటి మీద తల్లిని ఉంచిన పెట్టె పెట్టి, బెంచీ కాలికి వీపు ఆనించి నేల మీద కూర్చుని అడిగాడు. ఒళ్ళో సుత్తి ఉంది. పెట్టె మూతకి మేకులు కొట్టడానికి తెచ్చుకున్నది. ఇప్పుడది ఇంకెందుకు పనికొస్తుందో అక్కడున్న వాళ్ళందరికీ అర్థమైంది.

మధ్యాహ్నం రెండు గంటలు. మే నెల. తెల్లరాళ్ళపాడులో ఆ వేళకి కుక్కలు కూడా అరుగుల నీడ వదలవు. అయినా పేట మొత్తం అక్కడే ఉంది. నలుగురు ఆడవాళ్ళు పెట్టె మీద ఎండ పడకుండా దుప్పటి పట్టుకుని నిలబడ్డారు. చేతులు లాగినప్పుడల్లా వేరే నలుగురు వచ్చి అందుకుంటున్నారు. దీవెనమ్మ పోయి అప్పటికి ఇరవై గంటలు. పొద్దుగూకేలోపు మట్టి చెయ్యాలి.

తాళం చెవి నా జేబులో ఉంది. ముప్పై ఏళ్ళుగా రాతిగుడికి రైటరుని నేనే. బాప్తిస్మాల పుస్తకం, పెళ్ళిళ్ళ పుస్తకం, తీర్మానాల పుస్తకం, ఈ గేటు తాళం అన్నీ నా దగ్గరే ఉంటాయి. అరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి. మోకాళ్ళు పోయాయి. మనుషులతో వాదించే ఓపిక మోకాళ్ళ కంటే ముందే పోయింది.

"బావా, ఆ చెవి ఇటియ్యి," అన్నాడు ఆశీర్వాదం. సంఘపెద్ద. మా మేనత్త కొడుకు. తెల్లచొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. "నీది మెత్తటి మనసు. నీ దగ్గరుంటే కష్టం."

ఇచ్చేశాను. ఇచ్చేస్తే ఆ సంగతి నాది కాకుండా పోతుందని ఒక్క క్షణం అనిపించింది.

"చూడు తిమోతీ," ఆశీర్వాదం చెవిని గుప్పిట్లో పెట్టుకుని ముందుకొచ్చాడు. "నీ మీద మాకేం పగ? పోయినేడు గుడి మిద్దె కారితే ఎవరు ఎక్కారు? నువ్వేగా. కానీ ఈ దొడ్డి సంఘానిది. సంఘంలో పేరున్నోళ్ళకే లోపల చోటు. మీ ఇంటి పేరు మీ ముత్తాత నాడే కొట్టేశారు. ఇప్పుడు కూడా ఆలస్యం కాలేదు. అందరి ముందు లేచి నిలబడి, గుడి కట్టేటప్పుడు కమాను కూలింది మా ముత్తాత తప్పు వల్లే అని ఒక్క మాట ఒప్పుకో. నేనే తాళం తీస్తా. నేనే ఒక పక్క పెట్టె పట్టుకుంటా."

"నువ్వు పట్టబాకులే ఆశీర్వాదం," దుప్పటి కొస పట్టుకున్న కాంతమ్మ అందుకుంది. దీవెనమ్మ ఆడబిడ్డ. అరవై దాటినా నోటికి పదును తగ్గలేదు. "మా వదిన బతికుండంగా మీ ఇంటి పెళ్ళికి పోతే ఎనకబంతిలో కూర్చోబెట్టావు. ఇప్పుడు భుజానెత్తుకుంటే ఉలిక్కిపడి లేచి కూర్చుంటది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"అత్తా, నువ్వు ఊరుకో," అన్నాడు తిమోతి. తర్వాత నావైపు చూశాడు. "మాస్టారూ, పిల్లప్పుడు బళ్ళో మీరే చెప్పారు, ఏదన్నా రాతలో చూడందే నమ్మొద్దని. మా ముత్తాత మీద ఏం రాశారో ఆ రాత తెచ్చి చదవండి. నేను ఇంతవరకూ ఇనలేదు. మా అమ్మా ఇనలేదు. ఏటేటా ఒప్పుకుంటారా అని అడగటమే గానీ, ఏం ఒప్పుకోవాల్నో చదివి చెప్పినోళ్ళు లేరు."

అది నిజం. ఏటా మంచి శుక్రవారానికి ముందు బుధవారం సిద్ధపాటు కూటం జరుగుతుంది. ప్రభువు బల్లలో చెయ్యివేసి రొట్టె తీసుకునే వాళ్ళంతా ఒకరితో ఒకరు సమాధానపడాలి. చివర్లో రైటరు లేచి వెనక బెంచీ వైపు చూసి, "మేస్త్రీ గురవయ్య ఇంటివారు ఒప్పుకుంటారా?" అని అడగాలి. ముప్పై ఏళ్ళు నేనే అడిగాను. మొదట్లో దీవెనమ్మ మొగుడు తల దించుకునేవాడు. ఆయన పోయాక దీవెనమ్మ తల ఎత్తి నావైపే చూసేది. నోరు మెదిపేది కాదు. ఆమె మా పేట పిల్లే. తల్లీ తండ్రీ ఈ దొడ్డిలోనే ఉన్నారు. మేస్త్రీల ఇంటికి కోడలిగా వెళ్ళిన వారానికే ఆమె పేరు కూడా పుస్తకంలో అడ్డగీత కింద పడింది. తల్లి కాళ్ళ దగ్గర పండుకోవాలని ఒక్కటే అడిగింది పోయేముందు.

కొత్తగా వచ్చిన పాస్టరు జయశీల్ అయ్యగారు నా పక్కనే నిలబడి ఉన్నాడు. కావలి ఊరి కుర్రాడు, ముప్పై దాటవు. వచ్చి రెండు నెలలు. "చదవండి మాస్టారూ," అన్నాడు. "అడగడం న్యాయమే కదా."

తీర్మానాల పుస్తకం తెప్పించి చదివాను. పద్దెనిమిది వందల తొంభై ఏడు, ఫిబ్రవరి ఏడు. నాలుగు వాక్యాలే.

"రాళ్ళ పనివాడైన మేస్త్రీ గురవయ్య రాతిగుడి పునాదిలో కోడిని కోసి రక్తము పోసెను. ఆ విగ్రహారాధన వలన దేవుని కోపము రగిలి పడమటి కమాను కూలి ముగ్గురు స్త్రీలు మరణించిరి. కోడి సంగతి గురవయ్య ఒప్పుకొనెను గాని కమాను సంగతి ఒప్పుకొనలేదు. కనుక అతడు ఒప్పుకొనువరకు అతనిని, అతని ఇంటివారిని సంఘమునుండి వెలివేయడమైనది."

పుస్తకం మూశాను.

"అదీ సంగతి," అన్నాడు ఆశీర్వాదం.

"ఏంది సంగతి?" తిమోతి లేచి నిలబడ్డాడు. "కోడి కోశాడు. అవును. రాయి పెట్టేముందు కోస్తారు మా వాళ్ళు. మా నాన్న కోశాడు, నేను చిన్నప్పుడు చూశా. తప్పంటే తప్పే, ఆయన ఒప్పుకున్నాడని మీ పుస్తకమే చెబుతోంది. మరి కమాను? కోడికీ కమానుకీ ఏంది సంబంధం? కోడిని కోస్తే పునాది కూలాల, ఎక్కడో పైనున్న కమాను కూలుద్దా? మిగతా ఆరు కమానులు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి గదా! వాటికింద కోడి లేదా?"

"దేవుని చిత్తం నీకూ నాకూ..."

"పెద్దయ్యా, దేవుడి సంగతి మీకు తెలుసు. సున్నం సంగతి నాకు తెలుసు." తిమోతి గొంతు మొదటిసారి పైకి లేచింది. "గానుగ సున్నంతో కట్టిన కమాను నలభై రోజులు కింద ఆనించిన కర్రల మీద ఉండాల. కమాను నడుమ పైన బిగించే నడినెత్తి రాయి దిగేశాక నలభై రోజులు. మా ఇంట్లో మాటొచ్చిన పిల్లకాయ కూడా చెబుతాడు. మా ముత్తాత చచ్చేదాకా ఒకటే అన్నాడంట. కర్రలు నేను తియ్యలేదు, నేను ఊళ్ళో లేను అని. మా ఇంటి మీద కోడిపాపం ఎయ్యండి, మోస్తాం. పని తెలియనోడు అనే మాట మాత్రం మొయ్యం. అమ్మ నా చేత ఒట్టేయించుకుంది."

నేను తీర్మానాల పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాను.

"కర్రలు ఎవరు తీశారో ఎక్కడన్నా రాసి ఉందా మాస్టారూ?" అన్నాడు అయ్యగారు. "ఈ గుడి కట్టించిన విట్కం దొరగారి కాగితాలేవో గుడి బీరువాలో ఉన్నాయని విన్నాను."

ఆశీర్వాదం నా మొహంలోకి చూశాడు. నేను నేల చూపులు చూశాను.

"ఉన్నాయి," అన్నాను. "దొరసాని రాసుకున్న పనుల పుస్తకం ఒకటి ఉంది."

"అయితే పదండి."

గుడి నూరు గజాల దూరం. ఆ నూరు గజాలు నడవడానికి నాకు చాలాసేపు పట్టింది. అయ్యగారు పడమటి వాకిలి వైపు నడుస్తుంటే నేను అలవాటుగా ఉత్తరం పక్క చిన్న తలుపు వైపు తిరిగాను.

"మీరెప్పుడూ ఇటే వస్తారేం?" అన్నాడు.

"మా ఇంటోళ్ళు ఇటే వస్తారు. మా ముత్తాత నాటి నుంచి ఆచారం. జ్ఞానమయ్య పాస్టరు. ఈ జిల్లాలో దొరలు చేతులుంచి అభిషేకించిన మొదటి మనవాడు. ఆయన పెద్ద కమాను కింద నుంచి ఎన్నడూ రాలేదు. వినయం కొద్దీ పక్క తలుపున వచ్చేవాడని చెప్పేది మా నాయనమ్మ."

"గొప్ప సంగతే," అన్నాడు అయ్యగారు.

నేను తలుపు తోసుకుని లోపలికి, బీరువా దగ్గరకు నడిచాను.

బీరువా తలుపు బిగిసిపోయి ఉంది. ఇద్దరం లాగితే వచ్చింది. లోపల చెదలవాసన. తోలు అట్ట పుస్తకం అడుగు అరలో ఉంది. ఎక్కడుందో వెతకాల్సిన పని నాకు లేదు. అయ్యగారు దాన్ని బల్ల మీద పెట్టి తెరిచాడు. పేజీలు వాటంతటవే ఒక చోట విడిపోయాయి. అక్కడ ఒక కాగితం ముక్క ఉంది. గోడ క్యాలెండరు నుంచి చింపిన తేదీ. మార్చి పద్నాలుగు, పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది.

ఆయన ఆ ముక్కని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇది ఎవరు పెట్టారు మాస్టారూ?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ముందు చదవండి," అన్నాను.

దొరసాని రాత సన్నగా, ఒక పక్కకి వాలి ఉంటుంది. ఇంగ్లీషు మాస్టరుగా ముప్పై ఐదేళ్ళు రకరకాల రాతలు దిద్దినవాణ్ణి. నాకే మొదటిసారి మూడు రోజులు పట్టింది. అయ్యగారు వేలు పెట్టుకుని, తడుముకుంటూ, తెలుగులోకి తిప్పుకుంటూ చదివాడు.

జనవరి తొమ్మిది. పడమటి కమానుకి నడినెత్తి రాయి ఈ రోజు దిగింది. నలభై రోజులు కర్రలు ముట్టవద్దని గురవయ్య మేస్త్రీ అందరికీ మరీ మరీ చెప్పాడు.

జనవరి ఇరవై. గురవయ్య సున్నపురాయి కోసం బట్టీలకి వెళ్ళాడు. అక్కడ జ్వరం పట్టి పడిపోయాడని కబురు వచ్చింది. దొరవారు ఇంకా పల్లెలు తిరుగుతూ గుడారంలోనే ఉన్నారు.

జనవరి ఇరవై మూడు. ప్రతిష్ఠకి ఇక తొమ్మిది రోజులే. మద్రాసు నుంచి వచ్చే పెద్దలకి పందిరి వెయ్యడానికి దుంగలు చాలవు. కమాను కింద కర్రలు తీయించి వాడమని జ్ఞానమయ్య కూలీలకి చెప్పాడు. మేస్త్రీ వద్దన్నాడు కదా అన్నాను. కమాను రాయిలా బిగిసింది అమ్మగారూ, పెద్దలు వచ్చేసరికి దారికి అడ్డంగా కర్రలుంటే బాగుండదు అన్నాడు.

జనవరి ఇరవై ఆరు. కమాను కూలింది. కింద సున్నం తట్టలు మోస్తున్న ముగ్గురు పోయారు. కోటమ్మ, సుబ్బి, చిన లచ్చి. చిన లచ్చి నిండు చూలాలు.

అయ్యగారు అక్కడ ఆగాడు. తర్వాత పేజీ నేనే తిప్పాను. చూడకుండా చెప్పగలను ఆ వాక్యాలు.

ఫిబ్రవరి అయిదు. జ్ఞానమయ్య దొరవారి దగ్గర ఏడ్చి చెప్పుకున్నాడు. అతడు మనకున్న ఒకే ఒక్క స్వదేశీ పాస్టరు, ఈ సంగతి బయటపడితే పాతికేళ్ళ పని మట్టిలో కలుస్తుంది అన్నారు దొరవారు. గురవయ్య ఎలాగూ కోడిని కోసినట్టు ఒప్పుకున్నాడు కదా. నాకు రాత్రి నిద్ర రాలేదు. జ్ఞానమయ్య ఆ వాకిలి గుండా ఇక నడవనని చెబుతున్నాడు.

గుడిలో పావురాల చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట నుంచి కాంతమ్మ ఏడుపు సన్నగా వినపడుతోంది.

"పాతికేళ్ళు," అన్నాడు అయ్యగారు ఆ తేదీ ముక్క వైపు చూస్తూ.

"శతవార్షికానికి గుడి చరిత్ర రాయమన్నారు నన్ను. అప్పుడే చదివాను. ఈ పేజీ చదివి, ఆ తేదీ ముక్క పెట్టి, మూసేశాను. తర్వాత రాద్దాంలే అనుకున్నాను. నా పుస్తకంలో ఏం రాశానో మీరు చూసే ఉంటారు. కోడిని కోశారు, కమాను కూలింది అని. అందరికీ తెలిసిందే రాశాను."

"ఆవిడకి... దీవెనమ్మకి ఈ సంగతి..."

"అడగడానికి వచ్చింది అయ్యగారూ." ఈ మాట ఎవరికైనా చెబుతానని అనుకోలేదు. చెబుతుంటే బాధ కూడా వెయ్యలేదు. బరువు మోసి మోసి భుజం మొద్దుబారినట్టు ఉంది. "నేను పుస్తకం రాస్తున్నానని తెలిసి మా ఇంటికొచ్చింది. గడప ఎక్కలేదు. అన్నా, దొరల కాగితాల్లో మా ఇంటి సంగతి ఏమన్నా ఉందేమో చూడన్నా అంది. ఏమీ దొరకలేదమ్మా అన్నాను. సరేలే అన్నా అని వెళ్ళిపోయింది. అంతే. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. నేను మాత్రం ఏటేటా ఆ బుధవారం లేచి నిలబడి ఒప్పుకుంటారా అని ఆమెనే అడిగాను."

అయ్యగారు కోపగిస్తాడనుకున్నాను. ఆయన పుస్తకం మూసి చేతిలోకి తీసుకున్నాడు.

"మీ ముత్తాతగారి పేరు చెబితే చాలు," అన్నాడు నెమ్మదిగా. "మేస్త్రీ ఇంటి మీద మాట పోతుంది. మీ సంగతి నేను ఎవరికీ చెప్పను. ఈ రోజే బీరువాలో దొరికిందని చెబుదాం."

తలుపు దగ్గర దగ్గు వినపడింది. ఆశీర్వాదం. ఎప్పుడు వచ్చాడో, ఎంతవరకు విన్నాడో తెలియదు.

"ఎవరి పేరూ చెప్పక్కర్లేదు," అన్నాడు. నా దగ్గరకొచ్చి పక్కనే బెంచీ మీద కూలబడ్డాడు. ఆయనా అలిసిపోయినట్టే ఉన్నాడు. "బావా, ఆయన నీకు ముత్తాత అయితే నాకూ ముత్తాతే. మా అమ్మ ఆయన మనవరాలు. వచ్చే నెల నూట పాతికేళ్ళ పండగ. ఆయన పేరుతో రాయి చెక్కించాం. జిల్లా అంతా వస్తున్నారు. ఈ పేటలో సగం మందికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఇప్పుడు ఆయన ముగ్గురిని చంపాడని చెబుదామా?"

"మరి ఆ పెట్టె?"

"తాళం తీసేశా." ఖాళీ చేతులు చూపించాడు. "గేటు బార్లా తెరిచే వచ్చా. కనికరించి లోపలికి పోనిస్తున్నాం అని చెప్పా. సంఘం దయ చూపించింది. ఆమె తల్లి పక్కనే చోటు. అయిపోయె గదా. ఇంక ఎవరికి నష్టం?"

నిజం చెబుతున్నాను, సంతోషించాను. గేటు తెరుచుకుంది. దీవెనమ్మ లోపలికి వెళుతుంది. తిమోతి మేకులు కొడతాడు, మట్టి పోస్తాడు. నేను ఇంటికెళ్ళి మాత్ర వేసుకుని పడుకుంటాను. ఇక ఎవరూ నన్ను ఏమీ అడగరు.

"పద," అన్నాడు ఆశీర్వాదం, నా మోచెయ్యి పట్టుకుని లేపుతూ.

మేము వెళ్ళేసరికి గేటు తెరిచే ఉంది. పెట్టె మాత్రం బెంచీల మీదనే ఉంది. తిమోతి మళ్ళీ నేల మీద కూర్చున్నాడు. ఎత్తడానికి వచ్చిన మగవాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని దిక్కులు చూస్తున్నారు.

"ఏంది తిమోతీ, ఇంకేంది?" ఆశీర్వాదం గొంతులో విసుగు దాచుకోలేదు. "లోపలికి పొమ్మన్నాం గదా!"

"కనికరం అన్నారంట."

"అన్నాం."

"కనికరం వద్దు పెద్దయ్యా." తిమోతి తల పైకెత్తలేదు. పెట్టె అంచు మీద చెయ్యి వేసి ఉంచాడు. "కనికరం కావాల్నంటే మా అమ్మ ఎప్పుడో ఒక అబద్ధం ఆడి ముందు బెంచీలో కూర్చునేది. యాభయ్యేళ్ళు ఎనక కూర్చుంది. తప్పు చేసిన ఇంటి మనిషి, పోనీలే అని లోపల పెట్టుకున్నాం అని రేపు మీరు అనుకుంటే, ఆ మట్టి ఆమెకి బరువు. రాళ్ళగుట్ట కింద నా చేలో పెట్టుకుంటా. ఎత్తండ్రా."

"పొద్దు వాలుతోంది, మొండికెయ్యబాక," ఎవరో అన్నారు.

"ఎత్తండి అంటున్నా!"

ఇద్దరు ముందుకు వంగారు. దుప్పటి పట్టుకున్న ఆడవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. పెట్టె మీద ఎండ పడింది. గుట్ట వైపు దారి రెండు మైళ్ళు. ఆ దారిన వెళితే ఆమె ఇక ఎన్నటికీ తల్లి దగ్గరకు రాదు. అడ్డు చెప్పవలసిన వాణ్ణి నేనే.

"ఆగండి," అన్నాను.

ఎవరూ ఆగలేదు. అయ్యగారు చెయ్యెత్తి ఆపాడు.

"మాస్టారు ఏదో చెబుతారు."

"బావా," అన్నాడు ఆశీర్వాదం. ఒక్క మాటే. అందులో బతిమాలడమూ ఉంది, బెదిరింపూ ఉంది.

అయ్యగారి చేతిలోంచి పుస్తకం తీసుకున్నాను. తెరవలేదు. తెరిచినా ఎండకి అక్షరాలు కనపడేవి కావు.

"కమాను కింద కర్రలు గురవయ్య తియ్యలేదు," అన్నాను. "ఆయన జ్వరంతో బట్టీల దగ్గర పడి ఉన్నాడు. నలభై రోజులు ముట్టవద్దని చెప్పి వెళ్ళాడు. పద్నాలుగో రోజున పందిరి కోసం వాటిని తీయించారు. దొరసాని వద్దంది, వినలేదు. మూడు రోజులకి కూలింది. దొరకి తెలుసు. తెలిసే గురవయ్య మీదకి తోశాడు. ఇదిగో, ఆమె చేత్తో రాసింది. ఎవరైనా చూడొచ్చు."

"ఎవరు తీయించారు?" తిమోతి లేచాడు.

ఆశీర్వాదం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"జ్ఞానమయ్య పాస్టరు," అన్నాను. "మా ముత్తాత."

ముందు వరసలో ఒక ముసలాయన, ఆయన పేరూ జ్ఞానమయ్యే, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "అబద్ధం!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. "పుస్తకం ఉంది కదరా, చదువుకో," అని ఇంకెవరో అందుకున్నారు. తిమోతి మాత్రం ఎవరి వైపూ చూడలేదు. పెట్టె మీదకి వంగి, చెక్కకి నోరు ఆనించి, తల్లికి మాత్రమే వినపడేలా ఏదో చెప్పాడు. అప్పుడు మొదటిసారి ఏడ్చాడు.

అయ్యగారు కళ్ళతో నాకు సైగ చేశాడు. చాలు అన్నట్టు. "ఇన్నాళ్ళకి ఈ రోజు ఆ పుస్తకం తెరిచాం," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా. "దేవుడు సంగతి బయటపెట్టాడు. రండి, తల్లిని లోపలికి తీసుకెళదాం."

నలుగురు పెట్టె కిందకి చేతులు పోనిచ్చారు. ఆశీర్వాదం కూడా కదిలాడు. అయిపోయింది అనుకున్నాను. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు.

"ఉండండి," అంది కాంతమ్మ.

దుప్పటి వదిలేసి వచ్చి నా ఎదురుగా నిలబడింది. నా కంటే జానెడు పొట్టి. తల వెనక్కి వంచి నా మొహంలోకి చూసింది.

"నూరేళ్ళ పండగకి నువ్వు పుస్తకం రాశావు గదన్నా. మా వదిన మీ ఇంటికి ఒచ్చి అడిగింది. నేనూ ఎంట ఒచ్చా, ఈధిలో నిలబడ్డా. ఏం దొరకలేదమ్మా అన్నావు. అప్పుడు ఈ పుస్తకం యాడుంది?"

"కాంతమ్మగారూ, ఇప్పుడవన్నీ..." అయ్యగారు మధ్యలోకి వచ్చాడు.

"నిన్ను కాదు అయ్యగారా. మాస్టార్ని అడుగుతున్నా."

"బీరువాలోనే ఉంది," అన్నాను.

"నువ్వు చూశావా?"

"చూశాను."

పెట్టె కింద చేతులు పెట్టినవాళ్ళు అలాగే వంగి ఉండిపోయారు. తిమోతి తల ఎత్తాడు. వాడు నా దగ్గర అయిదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివాడు. ఆ కళ్ళు చూడలేక పెట్టె వైపు చూశాను.

"మరి పాతికేళ్ళు దాన్ని దాచిపెట్టిందెవరన్నా?" కాంతమ్మ గొంతు తగ్గింది. ఇప్పుడు దెప్పుతున్నట్టు లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు ఉంది. "ఆమె బతికుండంగా ఈ గేటు తెరుచుకోకుండా చేసిందెవరు? పేరు చెప్పు. అందరూ ఇనాల."

"నతానియేలు," అన్నాను. ఆమెకి కాదు, పెట్టెకి చెప్పాను, కానీ అందరికీ వినపడేలానే చెప్పాను. "రైటరు నతానియేలు."